ఆకలితో రండి, మా ఊరు చూపిస్తాను

"మీ ఊళ్ళో చూడదగ్గవి ఏమున్నాయండీ? తినదగ్గవి ఏమున్నాయండీ?"

ఈ రెండు ప్రశ్నలూ ఈ అయిదేళ్ళలో నన్ను అడిగినంతగా మరెవర్నీ అడిగి ఉండరు. కారణం చాలా సామాన్యం. మా తరగతిలో విశాఖపట్నంలో పుట్టి పెరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. తక్కినవాళ్ళంతా శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చి హాస్టళ్ళలో ఉంటున్నవాళ్ళు. వాళ్ళ బావగారొచ్చినా, ఊరి నుంచి మేనమామ దిగినా, సెమినారుకి పైనుంచి ఆచార్యులెవరైనా వచ్చినా "ఒరేయ్, నువ్వు లోకల్‌వి కదా, కాస్త తిప్పరా" అని నాకు అప్పజెప్పేస్తారు. టీ ఖర్చు కూడా నాదే!

అలా తిప్పగా తిప్పగా నాకొక అభిప్రాయం స్థిరపడింది. దాన్ని మీ ముందు పెట్టడానికే ఈ నాలుగు మాటలూ. ఏ ఊళ్ళోనైనా చూడవలసినవాటికి బోర్డులుంటాయి, టిక్కెట్లుంటాయి. తినవలసినవాటికి చాలామట్టుకు అవేవీ ఉండవు. ఒక వేళ ఉంటుంది, ఒక మనిషి ఉంటుంది, అంతే. ఆ వేళ తప్పినా, ఆ మనిషి లేకపోయినా ఆ చోటు లేనట్టే. అంచేత ఊరు ముందుగా పోగొట్టుకునేది వాటినే. పోయాయన్న సంగతి కూడా మనకు వెంటనే తెలియదు. ఇది నేను ఊహించి వ్రాస్తున్నది కాదు, నాకు తగిలిన దెబ్బే. ఆ కథ చివర చెబుతాను. ముందు ఊరు చూద్దాం రండి.

నా అతిథులకు రెండే షరతులు. ఆకలితో రావాలి, తెల్లవారుజామునే రావాలి. రెండో షరతు వినగానే సగంమంది రాలిపోతారు. మిగిలినవాళ్ళని అయిదింటికల్లా ఫిషింగ్ హార్బరుకి తీసుకుపోతాను.

విశాఖ రేవు 1933లో తెరిచారనీ, 1948లో నెహ్రూ గారి చేతుల మీదుగా 'జల ఉష' అనే ఓడ ఇక్కడే నీళ్ళలోకి దిగిందనీ మనం చదువుకున్నాం. గర్వించదగ్గ సంగతులే. కాని సముద్రం ఈ ఊరికి అన్నం ఎలా పెడుతోందో తెలియాలంటే చేపల వేలం చూడాలి. మరపడవలు ఒడ్డు చేరడం ఏమిటి, బుట్టలు దిగడం ఏమిటి! వంజరం, చందువా, కానాగంతలు, నెత్తళ్ళు, రొయ్యలు, దేని కుప్ప దానిదే. కొనేవాళ్ళలో ఆడవాళ్ళే అధికం. వాళ్ళ బేరం ముందు మన అర్థశాస్త్రం మేష్టార్లు కూడా ఓ పక్కకి తప్పుకోవలసిందే. గిరాకీ, సరఫరా అన్న రెండు మాటలూ నాకు క్లాసులో కంటె ఆ గట్టు మీదే బాగా తలకెక్కాయి.

అయితే ఒక హెచ్చరిక. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులపాటు, మన తూర్పుతీరంలో మరపడవలు వేటకు పోరాదు. చేపలు పిల్లలు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం అది. ఆ రోజుల్లో వచ్చిన అతిథికి నేను వంజరం పులుసు పెడతానని మాటివ్వను. పులుసుకీ ఒక పంచాంగం ఉంటుంది, దాన్ని పాటించాలి. 2023 నవంబరులో ఇదే హార్బరులో ఒక రాత్రి నిప్పంటుకుని పదుల సంఖ్యలో పడవలు కాలిపోయాయి. రైతుకి పొలం ఎలాగో వాళ్ళకి ఆ పడవ అలాగ. అది తెలిసినవాడు చేప ముక్క కంచంలో వదిలేసి లేవడు.

అక్కడినుంచి వన్‌టౌను దగ్గిరే. ఏడు గంటలకి కురుపాం మార్కెట్టు చుట్టుపక్కల సందుల్లో ఇడ్లీ పొయ్యిలు మంచి ఊపుమీద ఉంటాయి. ఆకులో నాలుగు ఇడ్లీలు పెట్టి, ఒక పక్క అల్లం పచ్చడి, ఇంకో పక్క బొంబాయి చట్నీ వేసి చేతికిస్తారు. నిలబడే తినాలి. ఎండాకాలమైతే చోడంబలి కూడా దొరుకుతుంది. రాగుల్ని మా వైపు చోళ్ళంటాం. చోడిపిండి కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ ముక్క నంజుకి ఇస్తారు. రిక్షా తొక్కేవాళ్ళూ, మూటలు మోసేవాళ్ళూ తాగేది అని ఒకప్పుడు దాన్ని చిన్నచూపు చూశారు. ఇప్పుడు డాక్టర్లు చెప్పేసరికి అదే పెద్ద హోటళ్ళలో గాజుగ్లాసు ఎక్కింది. మంచిదే. కాని గ్లాసు మారగానే ధర ఆరింతలెందుకయిందో నాకు ఇప్పటికీ బోధపడదు.

కడుపు నిండాక కాళ్ళకి పని చెప్పాలి. రేవు కాలువ పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్స్ నోస్ కొండ. ఓడలు ఆ సందులోంచే లోపలికి వస్తాయి. ఏ కొండెక్కినా కనబడేది ఒకటే సముద్రం. నేను ఉపన్యాసం ఇవ్వను, అతిథిని నిలబెట్టి ఊరుకుంటాను.

ఈ పాతపట్నం వీధుల్లోనే సర్ సి.వి. రామన్ చిన్నతనం గడిచింది. ఆయన తండ్రిగారు ఏ.వి.ఎన్. కాలేజీలో అధ్యాపకులు. పెద్దయ్యాక సముద్రానికి ఆ నీలం రంగు ఎలా వచ్చిందని పరిశోధించిన మనిషికి ఆ ప్రశ్న మొదట ఇక్కడే తట్టి ఉంటుందని నేను అతిథులతో అంటూ ఉంటాను. రుజువు లేదు, మా ఊరి మీద నా అభిమానం మాత్రమే ఉంది. శ్రీశ్రీ 1910లో పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. రావిశాస్త్రి గారు ఇక్కడే వకీలుగా పనిచేస్తూ, ఈ సందుల్లో బతుకులీడ్చే మనుషుల్నే కథల్లోకి తెచ్చారు. ఆయన్ని చదివి ఈ సందుల్లోకి వచ్చినవాళ్ళకి దారి చూపించనక్కర్లేదు.

మధ్యాహ్నం భోజనం ఎక్కడ అంటే మా ఇంట్లో! పూర్ణా మార్కెట్టులో అప్పటికప్పుడు కొట్టించిన పనసపొట్టు తెచ్చి, ఆవపెట్టి కూర చేస్తుంది మా అమ్మ. కాలం కలిసొస్తే సింహాచలం కొండ మీద పండిన అనాసపండు కూడా ఉంటుంది. అప్పన్న దర్శనానికి కొండెక్కినవాళ్ళు ప్రసాదంతోబాటు అనాసపండు తేకపోతే మా అమ్మ దృష్టిలో ఆ యాత్ర సగమే. స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉండి, అక్షయ తృతీయనాడు ఒక్కరోజే నిజరూపం చూపిస్తాడు. ఆనాటి రద్దీకి తట్టుకోగలిగినవాళ్ళే అప్పుడు రావాలి.

సాయంత్రం భీమిలి రోడ్డు. ముందు తొట్లకొండ. కొండమీద రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల దానికా పేరు. రెండువేల ఏళ్ళ క్రిందట బౌద్ధభిక్షువులు సముద్రం కేసి చూస్తూ కాపురమున్న చోటది. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. మన భూగర్భశాస్త్ర శాఖ మిత్రులు వాటి ముందు నిలబడితే కదలరు. కడకు భీమిలి. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ సమాధులున్న చోటు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. దారిలో ఎండాకాలమైతే ముంజలు, చలికాలమైతే తేగలు. ఈ ముంజలకి మెనూకార్డు ఎక్కడుంది? తాటిచెట్టు ఇచ్చినప్పుడు తినడమే.

తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. రామకృష్ణా బీచి దీపాలు వెలుగుతుంటాయి. నౌకాదళంలో ముప్ఫైఒక్క ఏళ్ళు పనిచేసి 2001లో విశ్రాంతి తీసుకున్న కురుసుర జలాంతర్గామి 2002 నుంచి అక్కడ ఇసుకమీద మ్యూజియంగా ఉంది. దాని లోపల నడిచి బయటికొచ్చినవాడికి గాలి విలువ తెలుస్తుంది, వెంటనే ఆకలి కూడా వేస్తుంది. అప్పుడు మురీ మిక్స్చరు. మరమరాల్ని మేం మురీ అంటాం, ఒరియావాళ్ళ 'ముఢీ'కి చుట్టం. ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిర్చి తరిగి, వేరుశనగ పప్పులు వేసి, నిమ్మకాయ పిండి, డబ్బాలో గలగల ఆడించి పొట్లం కట్టి ఇస్తాడు. పది దేశాలు తిరిగొచ్చిన ఒక ఆచార్యులు పొట్లం ఖాళీ చేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఇదీ నా కార్యక్రమం. ఇందులో టిక్కెట్టు కొన్నది ఒక్క కురుసురకే. తిన్నవాటిలో బోర్డు ఉన్నది ఒక్కటీ లేదు. గమనించారా?

ఇప్పుడు చెబుతానన్న కథ. మొన్న జనవరిలో పూర్వవిద్యార్థుల కలయికకి అమెరికా నుంచి ఒకాయన వచ్చారు. 1989లో ఇక్కడ ఇంజనీరింగు పూర్తిచేసినాయన. యథాప్రకారం నాకు అప్పజెప్పారు. నేను హార్బరు గురించి మొదలెట్టబోతుంటే ఆయన మధ్యలో ఆపి, "అవన్నీ నాకు తెలుసు తమ్ముడూ. ముందు మన హాస్టలు మలుపులో మామ్మ ఇడ్లీ బండి దగ్గిరకి పద. నేను ఆవిడకి పద్ధెనిమిది రూపాయలు బాకీ ఉన్నాను" అన్నారు. ఆఖరి పరీక్షల ముందు ఇంటినుంచి మనియార్డరు రాలేదట. పదిహేను రోజులపాటు ఆవిడ "డబ్బులు రేపియ్యి నాన్నా, పరీక్షకి ఆకల్తో ఎల్లకు" అంటూ పెట్టిందట. పరీక్షలవగానే ఉద్యోగం పిలుపు, హడావిడిగా రైలెక్కేయడం. ఆ పద్ధెనిమిది రూపాయలూ అలా మిగిలిపోయాయి.

మామ్మ పోయి చాలాకాలమయిందనీ, ఇప్పుడు కోడలు నడుపుతోందనీ నాకు తెలుసు. మొదటి సంవత్సరంలో ఎందరో అతిథుల్ని అక్కడికి తీసుకెళ్ళాను. ధీమాగా బయల్దేరాను. మలుపు తిరిగితే బండి లేదు. బండ్లు ఏవీ లేవు. వరసగా రంగు వేసిన కుండీలు, కుండీల్లో మొక్కలు. పక్కన టీ కాచే అతను చెప్పాడు: "తీయించేసి ఎనిమిది నెలలయింది సార్. మీకు తెలీదా?"

మిత్రులారా, ఆ 'మీకు తెలీదా' అన్న మాట నాకు ఇంకా వినబడుతూనే ఉంది. ఎనిమిది నెలలు ఆ మలుపు మీదుగా రోజూ క్లాసుకి వెళ్ళాను. లోకల్‌నని మీసం తిప్పుకున్నాను. సముద్రాలు దాటి వచ్చినాయన అడిగితేగాని బండి లేదని గమనించలేదు.

వెతికి వెతికి చినవాల్తేరు సందులో కోడల్ని పట్టుకున్నాం. ఇంటి గడపలోనే పొయ్యి పెట్టుకుంది. "ఈదిలో అయితే తొమ్మిదింటికి పిండి అయిపోయీది బాబూ. ఇక్కడికి ఎవులొస్తారు? మూడోవంతు కూడా అవట్లేదు" అంది. ఆయన బాకీ సంగతి చెప్పి నోట్లు తీయబోతే, "మా అత్త లెక్కలు నాకు తెల్దు బాబూ. ముందు తినండి" అని ఆకులు పరిచింది. మేం తిన్నదానికి మాత్రం అణా పైసలతో సహా పుచ్చుకుంది, అంతకుమించి తీసుకోలేదు. ఆయన మారుమాట్లాడకుండా ఆటో ఎక్కారు. దారిలో "అదే అల్లం పచ్చడి తమ్ముడూ" అన్నారొకసారి.

ఇక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బండ్లు ఉండాలి. దారికి అడ్డంగా కాదు, మురికి మధ్యా కాదు, సక్రమంగా ఉండాలి.

దీనికి అభ్యంతరాలున్నాయి, నేను కాదనను. నడిచేవాడికి పేవ్‌మెంటు కావాలి. చక్రాల కుర్చీలో వచ్చేవాడికి మరీ కావాలి. తొట్టిలో ఒకే నీళ్ళలో పళ్ళేలు ముంచి తీస్తే రోగాలొస్తాయి. ఎంగిలాకులు కాలవలో పడితే దోమలొస్తాయి. ఇవన్నీ నిజం. కాని వీటికి మందు కొళాయి, చెత్తకుండీ, గీత గీసిన చోటు. మనిషిని లేపేయడం కాదు. తలనొప్పికి తల తీసేసే వైద్యం ఏ వైద్య కళాశాలలోనూ నేర్పరు కదా!

చట్టం కూడా ఇదే చెబుతోంది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. ప్రతి ఊళ్ళోనూ అయిదేళ్ళకొకసారైనా వ్యాపారుల సర్వే జరగాలి. ఆ సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవర్నీ లేపరాదు. చోటు మార్చవలసివస్తే ముప్ఫై రోజుల నోటీసివ్వాలి. పట్టణ కమిటీలో నూటికి నలభైమందికి తక్కువ కాకుండా వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళుండాలి. యాభై ఏళ్ళు పైబడిన సహజమైన బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించి, అక్కడివాళ్ళను కదపకూడదని కూడా అందులో ఉంది. వారసత్వమంటే తొట్లకొండా, డచ్చి సమాధులూ మాత్రమే అనుకునేవాళ్ళకి ఈ మాట కొత్తగా ఉండొచ్చు. కోడలు చేతికి ఏ ధ్రువపత్రమూ రాలేదు, ఏ నోటీసూ రాలేదు. అడగవచ్చునని ఆవిడకి తెలియదు. మనకు తెలిసి ఉండవలసింది. చదువుకున్నవాళ్ళం మనం.

ఇదేదో జరగని పని అనుకోకండి. సింగపూరువాళ్ళు రోడ్డు మీద వండి అమ్మేవాళ్ళని నీళ్ళూ, కరెంటూ, మురుగుకాలువా ఉన్న కేంద్రాల్లోకి చేర్చారు. చేర్చారే గాని చెరిపెయ్యలేదు. 2020లో యునెస్కోవారు ఆ వీధి భోజన సంస్కృతిని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చుకున్నారు. వాళ్ళ పొయ్యి మీద వండింది వారసత్వమైనప్పుడు మన మామ్మ అల్లం పచ్చడి ఆక్రమణ ఎలా అవుతుంది?

మన విద్యార్థి సంఘానికి నాదొక చిన్న మనవి. 1926లో బెజవాడలో పుట్టి, 1930లో ఈ వాల్తేరు గట్టెక్కిన విశ్వవిద్యాలయం మనది. ఎందరెందరి పొయ్యిల మీద మన చదువులు సాగాయో ఎక్కడా లెక్క వ్రాసి లేదు. ఈ సంవత్సరం ఆ లెక్క మొదలుపెడదాం. ఎన్.ఎస్.ఎస్. మిత్రులు చుట్టుపక్కల బండ్లు ఎన్ని, ఎవరివి, ఎన్నేళ్ళ నుంచి అన్నది వ్రాసుకురావాలి. న్యాయశాస్త్రం విద్యార్థులు దరఖాస్తులు వ్రాసిపెట్టాలి. సూక్ష్మజీవశాస్త్రంవాళ్ళు నీళ్ళు పరీక్షించి, చేతులు ఎలా కడగాలో, పళ్ళేలు ఎలా కడగాలో చెప్పాలి. కొత్తగా చేరిన ప్రతి విద్యార్థికీ ఒక కాగితం ఇద్దాం. ఏ వేళకి ఎక్కడ ఏం దొరుకుతుందో అందులో ఉండాలి. అది మా ఊరి అసలైన గైడు పుస్తకం అవుతుంది. అధ్యాపకుల్నీ కోరుతున్నాను: సెమినారుకొచ్చిన అతిథిని ఏసీ హోటలు నుంచి ఒక్క పూట విడిపించి మాకివ్వండి.

ఆ అమెరికా ఆయన పద్ధెనిమిది రూపాయలూ చెల్లకుండానే తిరిగి వెళ్ళిపోయారు. విమానాశ్రయంలో, "ఈసారి వచ్చేసరికి బండి మళ్ళీ మలుపులో ఉండేట్టు చూడు తమ్ముడూ, నా బాకీ తీరినట్టే" అన్నారు. బాకీ ఆయనది ఒక్కడిదీ కాదు కదా. మనలో ఎవరు ఎక్కడ ఎంత బాకీ ఉన్నామో ఒకసారి గుర్తు చేసుకుందాం.

ఆ తర్వాత మీరు ఎప్పుడొచ్చినా సరే, తిప్పడానికి నేను సిద్ధం. తెల్లవారుజామునే రండి. ఆకలితో రండి. టీ ఖర్చు మాత్రం ఈసారి మీది!